వేడెక్కితే వినపడని చప్పుడు

ముందు బంపరు ఒక పక్కకి వాలిపోయి, ఎడమ దీపం తీగ మీద వేలాడుతున్నా, మంచు ఫ్యాక్టరీవాళ్ళ మూడో నంబరు పికప్పు బండి తన చక్రాల మీదే బండ్లు బాగుచేసే మేస్త్రి షెడ్డు దాకా వచ్చింది. నడుపుకుంటూ వచ్చింది మేనేజరు. పక్క సీట్లో నుదుటికి కట్టుతో డ్రైవరు కూర్చుని ఉన్నాడు. అతన్ని అందరూ నిదానం అంటారు. ఇరవై రెండేళ్ళుగా మంచుదిమ్మలు మోస్తూ ఏనాడూ ముందు బండిని దాటి ఎరగడు. వెనక హారన్ కొట్టేవాళ్ళకి కిటికీలోంచి చెయ్యి ఊపి "నిదానం, నిదానం" అని చెప్పి చెప్పి, చివరికి ఆ మాటే అతనికి పేరై కూర్చుంది.

ఆ నిదానం ఆ పొద్దున చేపల మార్కెట్టు గోడని గుద్దేశాడు.

"బ్రేకులు, స్టీరింగు చూసి చెప్పండి మేస్త్రీ" అన్నాడు మేనేజరు, షర్టు మీద పడ్డ వానచుక్కలు దులుపుకుంటూ. "లోపం బండిదా, మనిషిదా అన్నది తేలాలి. ఓనరుగారు కాగితం మీద అడుగుతున్నారు."

మేస్త్రి జాకీ పెట్టి ముందు చక్రాలు లేపాడు. రెండు చేతులతో చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊపాడు. ఎక్కడా వదులు లేదు. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాడు. పట్టెయ్యలేదు. బ్రేకు నూనె నిండుగా ఉంది. పెడల్ తొక్కి పట్టుకుని అరవై దాకా లెక్కపెట్టాడు. కిందకి దిగలేదు. బానెట్ ఎత్తి ఇంజను స్టార్ట్ చేసి రేస్ ఇచ్చాడు. పాతికేళ్ళ నాటి పెట్రోలు ఇంజను. మార్కెట్టు నుంచి నడిచి వచ్చి బాగా వేడెక్కి ఉంది. చప్పుడు ఎక్కడా తేడా లేకుండా సాఫీగా ఉంది.

"బండిలో ఏమీ లేదు" అన్నాడు.

నిదానం వచ్చి అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు. మేనేజరుకి వినపడకుండా అన్నాడు. "మళ్ళీ ఒకసారి చూడు మేస్త్రీ. బండెక్కితే తల దిమ్మెక్కిపోతోంది. పది పన్నెండు రోజులయ్యింది. ఈ పొద్దున గోడ కనిపిస్తూనే ఉంది. కాలు లేవలేదు."

"ఒంట్లో బాగుండక అయ్యుంటుంది అన్నా."

"దిగి కాసేపు గాలి పీల్చుకుంటే తగ్గిపోతుందయ్యా. బండిలోనే ఏదో ఉంది. నువ్వు చూస్తే దొరుకుతుంది."

మేస్త్రి తలెత్తేలోగా మేనేజరు దగ్గరకి వచ్చాడు. "గోడ దగ్గర ఇతన్ని దింపినవాళ్ళు ఏమన్నారో తెలుసా? నాలుక మడత పడుతోందట. నిలబడలేకపోయాడట. వాంతి చేసుకున్నాడు. పొద్దున ఎనిమిదింటికి! వాసన రాలేదంటే తాగలేదనా? ఈరోజుల్లో మాత్రలున్నాయి, ఇంకా ఏవేవో ఉన్నాయి. దిమ్మల తూకం దగ్గర కూర్చునే ఆవిడ రెండడుగుల్లో తప్పించుకుంది." తర్వాత గొంతు మార్చి, "అవునూ, మీ బావమరిది కొట్టు మూసేసి ఖాళీగా ఉన్నాడన్నారు కదా? లైసెన్సు ఉందా?" అన్నాడు.

"ఉంది సార్" అన్నాడు మేస్త్రి. ఆ మాట మరీ త్వరగా వచ్చేసింది.

మేనేజరు బానెట్ దించి దాని మీద కాగితం పరిచాడు. బండిలో యాంత్రిక లోపం ఏదీ లేదు అని మేస్త్రి రాశాడు. సంతకం పెడుతుంటే బొటనవేలి మసి కాగితం అంచుకి అంటింది. తుడిస్తే ఇంకా పాకింది. నిదానం జేబులోంచి తాళంచెవి తీసి, మేనేజరు చాచిన చేతిలో కాకుండా బండి సీటు మీద పెట్టి, వానలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

బంపరు నిలబెట్టి, దీపం బిగించి, మర్నాటికల్లా మేస్త్రి బండిని ఫ్యాక్టరీకి పంపేశాడు.

మేస్త్రి భార్యకి ఒక్కడే తమ్ముడు. ముప్పై నాలుగేళ్ళవాడు. పడుకున్నప్పుడు తప్ప నోరు మూయడని ఇంట్లో అతన్ని రేడియో అంటారు. మొదటిరోజు పని ముగించుకుని వచ్చి అక్క కుట్టుమిషను పక్కనే స్టూలు మీద కూర్చుని గంటసేపు ప్రసారం చేశాడు. చేపలమ్మే ఆవిడ తనని అల్లుడూ అని పిలిచిందట. ఏడో నంబరు కొట్టువాడు మంచుదిమ్మని తనకంటే ఎక్కువ ప్రేమగా కావలించుకున్నాడట.

"బండి ఎలా ఉంది రా?" అన్నాడు మేస్త్రి.

"నీలాగే ఉంది బావా. ముసలిది, మాట వినదు, వదిలిపెట్టదు."

భార్య దారం కొరుకుతూ నవ్వింది. కొట్టు మూసేశాక తమ్ముడు ఇంత నవ్వడం ఆమె చూడలేదు.

"బ్యాటరీ బలహీనంగా ఉంది" అన్నాడు మేస్త్రి. "దారిలో ఎక్కడా ఇంజను ఆపకు. ఆపావంటే మళ్ళీ అందుకోదు, తోయించుకోవాలి."

"ఆపను."

రెండోరోజు మధ్యాహ్నం రేడియో క్యారేజీ మూత తియ్యకుండానే పక్కన పెట్టేశాడు. తల పగిలిపోతోందన్నాడు. వానలో తడిసుంటావు అని అక్క నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు. సాయంత్రానికి మామూలుగా అయ్యాడు. మూడోరోజు మధ్యాహ్నం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. కుట్టుమిషను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆమె కాలు ఆపి తమ్ముడి వంక చూసింది.

"ఏరా, మింగేశావా నాలుకని?"

"దారి తప్పానక్కా" అన్నాడు అతను మెల్లగా. "రోజూ వెళ్ళే దారే. వంతెన దిగి కుడికి తిరగాలి. తిన్నగా వెళ్ళిపోయాను. ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "కొత్త కదా. అలవాటు పడాలి."

గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్న మేస్త్రి ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయాడు.

"ఎప్పుడు తగ్గుతుంది తలనొప్పి?"

"దిమ్మలు దింపేటప్పుడు తగ్గుతుంది బావా. చల్లగాలికేమో. మళ్ళీ ఎక్కి కూర్చున్నానా, మొదలు."

మేస్త్రి లోపలికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. కడుక్కున్న మొహాన్నే మళ్ళీ కడుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం షెడ్డుకి కూరగాయల బండివాడు వచ్చాడు. అదీ పాత పికప్పే. వెనక గొట్టంలోంచి నీలంగా పొగ వస్తోంది. ఇంజను పోయిందా, అమ్మెయ్యమంటావా అని అతని గోల. మేస్త్రి రోజూ చెప్పే పాఠమే చెప్పాడు. పొగకి రంగే గుర్తు. నీలం పొగ వస్తే నూనె కాలుతున్నట్టు, రింగులు అరిగిపోయుంటాయి. తెల్లగా దట్టంగా వస్తూ రేడియేటర్లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ పోయినట్టు. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉంటుంది. ఇలా చెబుతూ ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి గుడ్డ మీద వరసగా పెడుతున్నాడు.

"అయితే పొగే రాకపోతే బండి బాగున్నట్టేగా?" అన్నాడు కూరగాయలతను.

"బాగున్నట్టే" అనబోయి మేస్త్రి ఆగాడు. చేతిలో ప్లగ్గు ఉండిపోయింది.

పొగ లేకుండా వచ్చే విషపు గాలి ఒకటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు సరిగా కాలని ప్రతి ఇంజనూ కక్కేదే అది. గొట్టం గుండా వెనక్కి పోయినంతకాలం ఎవరికీ ఏమీ కాదు. పోకుండా మధ్యలోనే ఎక్కడైనా కారితే, బానెట్ కిందనుంచి క్యాబిన్‌లోకి దారి దొరికితే, అద్దాలు మూసి ఉంటే... నిదానం గోడని గుద్దేనాటికి వానలు మొదలై ఎన్నాళ్ళయింది? పది పన్నెండు రోజులు. ఎండాకాలమంతా నిదానం మోచెయ్యి కిటికీ మీద పెట్టుకునే నడిపాడు. వానలు వచ్చాకే అద్దాలు ఎత్తాడు. దాంతోపాటు పొగ కంపు కొంచెం వచ్చినా, వెనక ఖాళీ చేపబుట్టల కంపుతో వచ్చే ఆ క్యాబిన్‌లో ఎవరికీ తెలియదు.

మేస్త్రి ప్లగ్గుని గుడ్డ మీద పెట్టాడు. అయినా ఇదంతా ఊహే కదా అనుకున్నాడు. తన చేత్తో చూసిన ఇంజను. చెవి పెట్టి విన్నాడు. లోపం లేదని రాశాడు, సంతకం పెట్టాడు.

ఫోను తీసి బావమరిదికి చేశాడు. నాలుగోసారి మోగాక ఎత్తాడు.

"ఫ్యాక్టరీకి వచ్చేశా బావా. బాగానే ఉన్నా."

"రేపు అద్దాలు కొంచెం దించుకుని నడుపు."

"ఇంత వానలోనా? ఎందుకు?"

"మంచిది. దించు" అన్నాడు మేస్త్రి. రేపు బండెక్కకు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? ఆ కాగితం ఎందుకు రాశావంటే ఏం చెప్పాలి? పొద్దున్నే వెళ్ళి ఇంజను చల్లగా ఉన్నప్పుడు వింటాను, తేలిపోతుంది అనుకున్నాడు. సగం మాట చెప్పి ఫోను పెట్టేశాడు.

పొద్దున ఆరున్నరకి మేస్త్రి స్కూటరు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపేసరికి మూడో నంబరు బండి నిలిపే చోట పొడిగా నలుచదరపు మచ్చ ఒకటి ఉంది. చుట్టూ అంతా తడి. ఆ మచ్చ మీద కూడా అప్పుడప్పుడే చినుకులు పడుతున్నాయి.

"ఇప్పుడే వెళ్ళాడు" అన్నాడు వాచ్‌మన్ గొడుగు కిందనుంచి. "ఈరోజు రెండు ట్రిప్పులు ఎక్కువట."

"స్టార్ట్ చేసినప్పుడు చప్పుడేమైనా వచ్చిందా?"

"రోజూ వచ్చేదే. టిక్కు టిక్కు టిక్కుమంటుంది, గోడగడియారం మింగినట్టు. ఓ ఐదు నిమిషాలు. వేడెక్కగానే సర్దుకుంటుంది. నిదానం ఉన్నప్పటినుంచీ అంతే. ట్యాపెట్ కదా అది?"

ఇంజను వాల్వులని తెరిచే ట్యాపెట్ వదులైతే వచ్చే చప్పుడు వేడెక్కినా పోదు. వేడెక్కితే పోయే టిక్కు వేరే ఉంది. ఇంజను నుంచి మండిన గాలిని సైలెన్సరు గొట్టంలోకి పంపే పోత ఇనప భాగం, మానిఫోల్డు, పగిలితే వచ్చేది అది. చల్లగా ఉన్నప్పుడు పగులు నోరు తెరుచుకుని ఉంటుంది. వేడికి ఇనుము సాగి కొంత మూసుకుంటుంది. చప్పుడు ఆగుతుంది, కారడం ఆగదు. షెడ్డుకి వచ్చే బండ్లన్నీ వేడెక్కే వస్తాయి. ఈ సంగతి ముప్పై ఏళ్ళుగా తెలుసు అతనికి. ఎంతమందికో చెప్పాడు. రాత్రంతా ఉంచి పొద్దున వింటానని ఎన్ని బండ్లనో నిలబెట్టాడు. ఈ ఒక్కదాన్ని నిలబెట్టలేదు.

ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు.

స్కూటరు తిప్పి వంతెన వైపు పోనిచ్చాడు. వాన మొహాన కొడుతోంది. కళ్ళద్దాలు తీసి జేబులో వేసుకుంటే దారి కనపడదు, పెట్టుకుంటే నీళ్ళు తప్ప ఇంకేం కనపడదు. ఎదురుగా వచ్చే ప్రతి తెల్లబండీ మూడో నంబరులాగే ఉంది. కూడలి దగ్గర జనం గుంపుగా కనిపిస్తే స్కూటరు ఆపబోయాడు. వాళ్ళు బస్సు కోసం నిలబడ్డవాళ్ళు. అంబులెన్సు కూత ఒకటి వెనకనుంచి వచ్చి, పక్కనుంచి పోయి, ముందుకి వెళ్ళింది. అది ఏ వైపు తిరుగుతుందా అని చూశాడు. వంతెన వైపు తిరగలేదు. అమ్మయ్య అనుకుని, అది ఇంకెవరికోసమో పోతోందని గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. మళ్ళీ ఫోను మోగించాడు. ఎవరూ ఎత్తలేదు.

వంతెన దిగాక కుడికి తిరిగే మలుపు దగ్గర, రోడ్డు వారగా, మూసిన మందుల కొట్టు ముందు బండి నిలబడి ఉంది. ఇంజను నడుస్తోంది. వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. అద్దాలన్నీ పైదాకా ఎత్తి ఉన్నాయి, లోపల ఆవిరి పట్టి ఉంది. ఆవిరి వెనక స్టీరింగు మీద ఒక తల ఆనుకుని ఉంది.

మేస్త్రి స్కూటరుకి స్టాండు వెయ్యలేదు. అది పక్కకి పడిపోయిన చప్పుడు కూడా వినలేదు. తలుపు లాగాడు. లోపల గడియ. అరచేత్తో అద్దం బాదాడు. "ఒరేయ్! ఒరేయ్ రేడియో!" తల కదల్లేదు. అవతలి తలుపుకి పరిగెత్తాడు. అది తెరుచుకుంది. వెచ్చగా గాలి మొహానికి తగిలింది. మోకాలు సీటు మీద వేసి చెయ్యి చాచి ముందు తాళం తిప్పేశాడు. తర్వాత బావమరిది చంకల కింద చేతులు వేసి లాగాడు. ఇంత బరువుంటాడని అనుకోలేదు. రేడియో మడమలు మెట్టు మీద కొట్టుకుంటూ వచ్చాయి.

రోడ్డు పక్కన వానలో పడుకోబెట్టి చెంపలు కొట్టాడు. చొక్కా బొత్తాలు తెంపాడు. ఛాతీ మీద చెవి పెడితే వాన చప్పుడూ, తన గుండె చప్పుడూ తప్ప ఇంకేదీ వినపడలేదు. "అక్కకేం చెప్పనురా, లేవరా, అక్కకేం చెప్పను" అంటున్నాడు. ఎంతసేపన్నాడో తెలియదు.

రేడియో ఒక్కసారిగా దగ్గాడు. పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాడు. కళ్ళు తెరిచి మేస్త్రిని చూసి ఏదో అనబోయాడు. నాలుక మడత పడింది.

అప్పటికి నలుగురు పోగయ్యారు. వాళ్ళలో ఒకాయన ముక్కు మూసుకున్నాడు. "పొద్దున్నే బిగించాడు" అన్నాడు. "చూడండి, నిలబడలేకపోతున్నాడు. ఇలాంటివాళ్ళకి బండ్లిస్తారు!"

"తాగలేదు" అన్నాడు మేస్త్రి.

"నీకేం తెలుసయ్యా?"

"తాగలేదు! బండిలో ఉంది!" అని అరిచాడు మేస్త్రి. అరిచాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. రోడ్డు మీదకి వెళ్ళి ఆటోకి చెయ్యెత్తాడు.

ఆస్పత్రిలో ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అంది. ఆ మాట భార్య కూడా వింది. ఆమె తమ్ముడి పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మేస్త్రి వంక చూడలేదు. చాలాసేపటికి, "మీరు చూసిన బండే కదండీ అది" అంది. అంతే అంది.

మధ్యాహ్నం మూడు గంటలకి మూడో నంబరు బండి షెడ్డులో ఉంది. ఈసారి తాడు కట్టి లాక్కొచ్చారు. మేస్త్రి వేడి తగలకుండా ఉండే రేకు కవచాన్ని విప్పాడు. నాలుగు బోల్టులు, రెండు తుప్పుకి విరిగిపోయాయి. కింద మానిఫోల్డు మీద వెంట్రుకలా మొదలై వేలెడంత పొడుగున పగులు. దాని అంచులు నల్లగా మసి పట్టి ఉన్నాయి. ఆ మసి ఎదురుగా ఉన్న క్యాబిన్ రేకు మీదకి విసనకర్రలా పాకింది. ఆ నలుపు మధ్యలో క్లచ్ కేబులు లోపలికి వెళ్ళే కన్నం ఉంది. ఆ కన్నానికి ఉండాల్సిన రబ్బరు బిళ్ళ లేదు.

మేనేజరు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "గోడని గుద్దినప్పుడు పగిలి ఉంటుంది" అన్నాడు.

మేస్త్రి విరిగిన బోల్టుని తీసి పక్కన పెట్టాడు.

"అంతే కదా మేస్త్రీ? ఆ దెబ్బకి పగిలింది. మీరు చూసినప్పటికి సన్నగా ఉండి కనపడలేదు. తర్వాత పెరిగింది. ఎవరి తప్పూ లేదు. మీ బావమరిది ఆస్పత్రి సంగతి ఫ్యాక్టరీ చూసుకుంటుంది. కోలుకున్నాక వేరే బండి ఇద్దాం. మా నాలుగు బండ్లూ ఎప్పటిలాగే మీ షెడ్డుకే వస్తాయి." గొంతులో బెదిరింపు లేదు. ఆ మెత్తదనానికే మేస్త్రి వెన్ను జలదరించింది. "రెండు లైన్లు రాసివ్వండి చాలు."

కొత్తగా పగిలిన ఇనుము లోపల మెరుస్తుంది. ఇది తుప్పుతో ఎర్రబడి, మసితో నల్లబడి ఉంది. నెలల నాటిది. తెలిసినవాడు ఎవడు చూసినా చెబుతాడు. కానీ చూడటానికి తెలిసినవాడు ఇంకెవడున్నాడు? ఈ భాగం విప్పి తుక్కులో పారేస్తే రేపటికి ఇది ఎవరికీ తెలియదు.

మేనేజరు కాగితం పెట్టాడు. కలం కూడా ఆయనే ఇచ్చాడు. మేస్త్రి కలం పట్టుకున్నాడు. ఎడమ చేత్తో కాగితాన్ని అదిమి పట్టుకుని రాశాడు. పగులు పాతది, గోడని గుద్దకముందే ఉంది. మొదట చూసినప్పుడు ఇంజను చల్లారనివ్వలేదు. డ్రైవరు చెప్పినా పట్టించుకోలేదు. ఆరోజు రాసిన కాగితం తప్పు.

మేనేజరు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది ఓనరుగారికి చూపించాలా వద్దా అన్నది నేను ఆలోచిస్తాను" అన్నాడు. "మీరు కూడా ఆలోచించండి."

ఆయన వెళ్ళాక మేస్త్రి టైరు మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న షెడ్డు. సగం పని ఆ ఫ్యాక్టరీదే. లేచి, విప్పిన మానిఫోల్డుని గోనెగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

నిదానం ఇల్లు రెండు వీధుల అవతల. చీకటి పడటానికి ఇంకా గంట ఉంది. తలుపు తీసింది అతని కూతురు. చంకలో ఏడాది పిల్ల. నిదానం గోడవార కుర్చీలో చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాలుగురోజుల గడ్డం.

"నాన్నా, మేస్త్రి బాబాయి వచ్చారు."

నిదానం తలూపాడు. లేవలేదు. పిల్ల తాత వైపు చేతులు చాచింది. అతను భయంగా తల అడ్డంగా తిప్పాడు. "ఎత్తుకోవడం లేదు బాబాయ్" అంది కూతురు నెమ్మదిగా. "పడేస్తానేమోనట. స్నానానికి వెళ్ళినా గడియ పెట్టుకోవడం లేదు. మెదడులో ఏదో ఉందంటాడు. డాక్టరు దగ్గరకి పదమంటే రాడు, ఉందంటారేమోనని."

మేస్త్రి గోనెగుడ్డ నేల మీద పెట్టి విప్పాడు. పక్కనే కింద కూర్చున్నాడు. ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పిన విషయమే. ఇప్పుడు మాటలు తడబడ్డాయి. పగులు చూపించాడు. మసి చూపించాడు. గాలి ఎలా కారుతుందో, కన్నంలోంచి ఎలా వస్తుందో, అద్దాలు మూస్తే మనిషికి ఏమవుతుందో చెప్పాడు. బావమరిది సంగతి చెప్పాడు.

"బతికాడా?" అన్నాడు నిదానం.

"బతికాడు."

నిదానం తొడల కిందనుంచి ఒక చెయ్యి తీసి పగులుని వేలితో తడిమాడు. వేలికి మసి అంటింది. "మళ్ళీ చెప్పు" అన్నాడు. "మెల్లగా. దీనికి కూడా అర్థమయ్యేలా" అని కూతుర్ని చూపించాడు.

మేస్త్రి మళ్ళీ చెప్పాడు. కూతురు తలుపు పట్టుకుని నిలబడి వింది. వింటూ వింటూ మొహం పక్కకి తిప్పుకుంది. ఆమె భుజాలు కదిలాయి.

"అయితే నాకేం లేదు" అన్నాడు నిదానం.

"నీకేం లేదన్నా. బండిలోనే ఉంది."

కూతురు పిల్లని కిందకి దింపింది. పిల్ల గోనెగుడ్డ దారాలు పీకుతోంది.

"ఆరోజు నీకు చెప్పాను" అన్నాడు నిదానం.

"చెప్పావు."

"విన్నావా?"

ఇంజను రొదలో వినపడలేదని అనొచ్చు. నిదానం మొహంలో ఆ జవాబు కోసం ఎదురుచూపు ఉంది. దాన్ని చూసి మేస్త్రి తల దించుకున్నాడు. "విన్నాను."

నిదానం మెల్లగా ఊపిరి వదిలాడు. "వినపడలేదేమో అనుకున్నాను ఇన్ని రోజులూ. అలా అనుకుంటేనే నాకు బాగుండేది."

మేస్త్రి కూర్చున్నచోటే కుంచించుకుపోయాడు. తిడతాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు. ఆ రెండింటికీ సిద్ధపడే వచ్చాడు.

"మిగతా మూడూ చూశావా?" అన్నాడు నిదానం.

"ఏ మూడు?"

"బండ్లు. ఒకటి, రెండు, నాలుగు. అన్నీ ఒకే ఏడాది కొన్నవే. వానలు అన్నిటికీ వచ్చాయి కదా."

తన బావమరిది, తన కాగితం, తన షెడ్డు. పొద్దున్నుంచీ ఇవి తప్ప ఇంకేదీ మేస్త్రి తలలోకి రాలేదు. "లేదు" అన్నాడు.

"రేపు పొద్దున ఎన్నింటికి చల్లగా ఉంటాయి?"

"ఆరుకల్లా."

"గేటు దగ్గర ఉంటాను" అన్నాడు నిదానం.

మర్నాడు పొద్దున వాచ్‌మన్ నిదానాన్ని చూసి లోపలికి రానివ్వాలా వద్దా అని నీళ్ళు నమిలాడు. చివరికి గొడుగు అడ్డం పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. తాళంచెవులు గదిలో మేకుకి వేలాడుతున్నాయి.

మేస్త్రి చిన్న బకెట్లో సబ్బు నురగ కలిపాడు. నిదానం మొదటి బండి ఎక్కాడు. ఎక్కేముందు ఒక్క క్షణం తలుపు పట్టుకుని ఆగాడు. రెండు అద్దాలూ దించి అప్పుడు కూర్చున్నాడు. తాళం తిప్పాడు. మేస్త్రి ఊపిరి బిగబట్టి విన్నాడు. సాఫీగా ఉంది. కుంచెతో మానిఫోల్డు పొడుగునా నురగ పూశాడు. గాలి కారితే రావాల్సిన బుడగలు రాలేదు. రెండో బండిలో టిక్కుమంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పది నిమిషాలు నడిపించారు. వేడెక్కినా పోలేదు. అది ట్యాపెట్టే. మేస్త్రి నుదురు తుడుచుకున్నాడు.

నాలుగో బండి స్టార్ట్ చెయ్యగానే గడియారంలా మొదలైంది. నురగ పూశాడు. వెనక సిలిండరు దగ్గర బుడగలు ఒకదాని మీద ఒకటి పొంగాయి, పగిలాయి, పొంగాయి. ఐదో నిమిషానికి చప్పుడు పూర్తిగా పోయింది. ఏ లోపమూ లేని బండిలా, హాయిగా నడుస్తోంది ఇంజను. అది వింటుంటే మేస్త్రి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

నిదానం ఇంజను ఆపి తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

అప్పుడే నాలుగో బండి డ్రైవరు క్యారేజీతో లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ళ బక్కపలచటి మనిషి. "తాళం ఇవ్వన్నా, మార్కెట్టుకి టైమైపోతోంది" అన్నాడు.

"ఇవ్వను" అన్నాడు నిదానం.

మేనేజరు కారు గేట్లోకి వచ్చింది. దిగుతూనే ముగ్గురినీ చూశాడు. బానెట్ ఎత్తి ఉన్న బండిని చూశాడు. "ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారు? తాళం ఇతని చేతిలో ఎందుకుంది?"

మేస్త్రి కుంచె బకెట్లో పెట్టాడు. నిదానం నోరు తెరవబోతుంటే ముందుకి వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. "నేనే తియ్యమన్నాను సార్. ఇది కూడా పగిలింది. దీన్ని పంపకూడదు."

"పంపకూడదని చెప్పడానికి మీరెవరు?"

"మేస్త్రిని" అన్నాడు. ఆ మాట చాలా చిన్నగా వినిపించింది. "రాసిస్తాను. ఓనరుగారికి నేనే ఇస్తాను."

మేనేజరు నవ్వబోయాడు. "ఈ బండి మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఇదిగో, దీని డ్రైవరు ఇక్కడే ఉన్నాడు. రోజూ నడుపుతున్నాడు. ఏమయ్యా, నీకేమైనా ఇబ్బందుందా?"

డ్రైవరు మేనేజరుని చూశాడు. నిదానం నుదుటి మీది కట్టుని చూశాడు. క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వాన చినుకులు బానెట్ రేకు మీద పడుతున్నాయి.

"వారం నుంచి తలనొప్పి సార్" అన్నాడు మెల్లగా. "మొన్న వంతెన మీద కళ్ళు మూతలు పడ్డాయి. చెబితే తాగానంటారని చెప్పలేదు."